పై లీజు ముగిసిన రోజు సబ్‌లీజు ఏమవుతుంది?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కౌంటర్లు వదిలి ఈ పూట ఇక్కడికొచ్చిన వర్తక మిత్రులందరికీ నమస్కారం. ఆహ్వానపత్రంలో నా అంశం ‘దుకాణాల కిరాయినామాలు - జాగ్రత్తలు’ అని వేశారు. స్టాంపు డ్యూటీ, జీఎస్టీ, ఏటా కిరాయి పెంపు, అన్నీ అందులోకి వస్తాయి. అవన్నీ పక్కన పెడుతున్నాను, అధ్యక్షులు క్షమించాలి. ఇచ్చిన సమయమంతా ఒక్క ప్రశ్నకే వాడతాను. భవనాన్ని యజమాని దగ్గర ఒకరు లీజుకు తీసుకున్నారు, ఆయన దగ్గర మీరు ఒక మల్గీని, అంటే దుకాణపు గదిని, సబ్‌లీజుకు తీసుకున్నారు. పై లీజు ముగిసిన మర్నాడు మీరు షట్టరు ఎత్తితే, ఏ హక్కుతో ఎత్తుతున్నట్టు?

తేదీలు వేసి చూద్దాం. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఒక భవనం అనుకోండి. 2016 ఏప్రిల్ 1 నుంచి 9 ఏళ్లకు, అంటే 2025 మార్చి 31 దాకా, రిజిస్టరు లీజు ఉంది. ఆ లీజుదారు 2021 జూన్ 1న కింది అంతస్తులో ఒక మల్గీని మీకు 5 ఏళ్లకు రాసిచ్చారు. మీ కాగితంలో గడువు 2026 మే 31. నెల కిరాయి 80,000 రూపాయలు, ఆరు నెలల అడ్వాన్సు 4,80,000. ర్యాకులు, ఏసీలు, ఫాల్స్ సీలింగు, అద్దాల తలుపులకు మీరు 12 లక్షలు పెట్టారు. 60 నెలలకు పంచుకుంటే నెలకు 20,000 పడుతుంది. 46వ నెల చివర పై లీజు అయిపోయింది. మిగతా 14 నెలలు మీకు రాసిచ్చే హక్కు ఆ లీజుదారుకు మొదటి రోజు నుంచే లేదు. తన దగ్గర లేనిది మీకెలా ఇస్తారు? ఇంటీరియర్ లెక్కలోనే 2,80,000 పోయింది. అడ్వాన్సు సంగతి తర్వాత చెబుతాను, దాని మీద చెప్పవలసింది చాలా ఉంది.

చట్టం పాతదే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దాని 111వ సెక్షన్‌లో మొట్టమొదటి మాటే, గడువు తీరితే లీజు ముగుస్తుందని. అలా ముగిసినప్పుడు ఖాళీ చేయమని నోటీసు కూడా ఇవ్వనక్కర్లేదు. ‘నాకు నోటీసు రాలేదు కదా’ అని సబ్‌లీజుదారులు ధీమాగా ఉంటారు. పై లీజుదారుకే అవసరం లేని నోటీసు మీకెక్కడి నుంచి వస్తుంది?

దావా సంగతీ అంతే. రూప్‌చంద్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు 1964లోనే తేల్చింది: యజమాని తన లీజుదారు మీద మాత్రమే దావా వేసుకోవచ్చు, సబ్‌లీజుదారును పార్టీగా చేర్చనక్కర్లేదు, వచ్చిన డిక్రీ సబ్‌లీజుదారుకూ వర్తిస్తుంది. వాళ్లిద్దరూ కుమ్మక్కయ్యారని మీరు రుజువు చేస్తే వేరు. లీజుదారు దావాలో పోటీ పడలేదన్నంత మాత్రాన అది కుమ్మక్కు కాదని కూడా అదే తీర్పు చెప్పింది. అంటే డిక్రీ అమలు చేసే కోర్టు అమీనా మీ కౌంటరు ముందు నిలబడే దాకా దావా నడిచిందన్న సంగతే మీకు తెలియకపోవచ్చు.

ఇక్కడ ఒక తేడా దయచేసి రాసుకోండి, న్యాయవాదులు కూడా కొందరు దీన్ని తప్పు చెబుతున్నారు. పై లీజు గడువు తీరకముందే లీజుదారు తనంతట తాను యజమానికి అప్పగించేస్తే, దాన్ని సరెండర్ అంటాం, మీ సబ్‌లీజు పోదు. 115వ సెక్షన్ మిమ్మల్ని కాపాడుతుంది. అవే షరతుల మీద, అదే కిరాయికి, యజమానే నేరుగా మీకు కిరాయికిచ్చినవారు అవుతారు. కిరాయి ఎగ్గొట్టడం వంటి తప్పుకు యజమాని లీజు రద్దు చేస్తే మాత్రం మీదీ పోతుంది. మిమ్మల్ని మోసగించడానికే ఆ రద్దు తెచ్చారని చూపగలిగితే, లేదా కోర్టు లీజుదారుకు ఊరట ఇస్తే తప్ప. ఇక గడువు తీరి ముగిస్తే ఏ మినహాయింపూ లేదు. అందుకే ‘లీజు పోయింది’ అని ఎవరైనా అంటే, ఎలా పోయిందో కాగితం అడగండి. మార్చి 31 తర్వాత అయితే మీరు ఒక మనిషి, ఫిబ్రవరిలో సరెండర్ అయితే మీరు ఇంకొక మనిషి.

కిరాయిదారులను కాపాడే రెంట్ కంట్రోలు చట్టం ఉంది కదా అని అడుగుతారు. హైదరాబాదులో నెలకు 3,500 దాటిన కిరాయికి ఆ 1960 చట్టం వర్తించదు. దాని పరిధిలో ఉన్న పాత మల్గీలకైతే, యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా సబ్‌లీజుకు ఇవ్వడమే ఖాళీ చేయించడానికి ఒక కారణం. ఆ దారిలో మీకు దొరికేది తక్కువ.

ఇప్పుడు అడ్వాన్సు. ఆ 4,80,000 ఎవరికిచ్చారు? పై లీజుదారుకు. యజమానికీ మీకూ మధ్య ఒప్పందమే లేదు. ‘నా అడ్వాన్సు ఇస్తేనే ఖాళీ చేస్తాను’ అని యజమానితో అంటే, అది ఇచ్చే బాధ్యత ఆయనకు లేదు. లీజుదారు అప్పటికి బోర్డు తీసేసి, ఆఫీసు మూసేసి ఉంటారు. ఫోను ఎత్తరు. చిన్న వ్యాపారి ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు అలా పోతుంటే చూస్తూ ఉండలేను, అందుకే ఈ పూట గొంతు పెంచుతున్నాను. అడ్వాన్సు నగదుగా ఎందుకిస్తారు? బ్యాంకు ద్వారా ఎందుకు ఇవ్వరు? రసీదులో ‘తిరిగి ఇవ్వవలసిన అడ్వాన్సు’ అన్న మాట ఎందుకు రాయించుకోరు? ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించకపోతే ఆ 5 ఏళ్ల గడువు కోర్టులో నిలబడదు, నెలవారీ కిరాయిదారుగానే మిగులుతారు. కానీ బ్యాంకు ఎంట్రీ అలా పోదు. లీజుదారు మీద డబ్బు దావాకు అదే ఆధారం. దానికి మూడేళ్ల కాలపరిమితి ఉంది. 108వ సెక్షన్ ప్రకారం ఇచ్చిన కాలమంతా మిమ్మల్ని నిరాటంకంగా ఉండనిస్తానన్న హామీ లీజులో కలిసే ఉంటుంది కనుక, ఆ 14 నెలలకు నష్టపరిహారమూ అడగవచ్చు.

వెనక కూర్చున్న వారికి వినబడుతోందా? ఈ మాట మీకు మరీ ముఖ్యం. గడువు తీరాక కిరాయి ఎవరికి కడుతున్నారు? అలవాటు ప్రకారం పాత లీజుదారుకే పంపుతూ పోతే, అదే నెలలకు యజమాని మళ్లీ అడుగుతారు. ఏప్రిల్ మొదటి వారంలోనే యజమానికి స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి: ఫలానా మల్గీలో నేను ఉన్నాను, నెలకు ఇంత నేరుగా మీకు కడతాను, అంగీకారమైతే ఖాతా వివరాలు తెలపండి. ఆయన కిరాయిగా తీసుకుని మీరు ఉండడానికి ఒప్పుకుంటే 116వ సెక్షన్ కింద నెలవారీ లీజు మొదలవుతుంది. ఆ సెక్షన్‌లో సబ్‌లీజుదారు మాట స్పష్టంగానే ఉంది. ఆ తర్వాత ఖాళీ చేయించాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలి. రసీదు మాత్రం చదవండి. ‘ఆవరణ వాడుకున్నందుకు నష్టపరిహారం కింద, మా హక్కులకు భంగం లేకుండా’ అని ఉంటే అది కిరాయి కాదు. డబ్బు చేతులు మారినంత మాత్రాన చాలదు, ఇద్దరి సమ్మతీ ఉండాలని సుప్రీంకోర్టు భవాన్‌జీ లఖంషీ కేసులో చెప్పింది. సమ్మతి లేకుండా కూర్చుంటే ఆ కాలానికి పాత 80,000 లెక్క కాదు, ఆనాటి మార్కెట్ కిరాయి లెక్కన కోర్టు వేయవచ్చు.

అలాగని రాత్రికి రాత్రి యజమాని తాళం వేసేస్తే ఊరుకోనక్కర్లేదు. కోర్టు ద్వారా కాకుండా బయటికి నెడితే, ఆరు నెలల లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద స్వాధీనం తిరిగి అడగవచ్చు.

ఇదంతా జబ్బు ముదిరాక వాడే మందు. కొత్తగా మల్గీ చూస్తున్నవారు వినండి. అడ్వాన్సు ఇవ్వకముందే భవనానికి ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించండి. రిజిస్టరైన లీజు అందులో కనిపిస్తుంది. డాక్యుమెంటు నంబరు పట్టుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, రుసుము కట్టిన ఎవరికైనా ఇస్తారు. అందులో గడువు తేదీ, సబ్‌లీజుకు అనుమతి, పొడిగింపు క్లాజు చూడండి. ‘మరో 5 ఏళ్లు పొడిగించుకోవచ్చు’ అని ఉంటే గడువు దానంతటదే పెరగదు. లీజుదారు కోరాలి, కొత్త లీజు రిజిస్టరు కావాలి. ఆయన కోరకపోతే మీరు ఆయన బదులు కోరలేరు. అందుకే యజమానితో కలిపి ముగ్గురి సంతకాలతో ఒక పత్రం రాయించండి. పై లీజు ఏ కారణంగా ముగిసినా మీ మిగిలిన కాలానికి యజమాని మిమ్మల్ని నేరుగా గుర్తిస్తారని, అడ్వాన్సు ఆయనకు బదిలీ అవుతుందని అందులో ఉండాలి. ఏడాది మించిన హక్కు ఇస్తోంది కనుక దాన్నీ రిజిస్టరు చేయించండి. యజమాని సంతకం పెట్టనంటే మీ గడువు పై గడువుకు ఒక నెల ముందే ముగిసేలా రాసుకోండి, అడ్వాన్సు రెండు నెలలకు తగ్గించండి, చివరి నెలల కిరాయిలో దాన్ని సర్దుకునే క్లాజు పెట్టండి.

ఖాళీ చేయక తప్పదని తేలితే, తాళం చెవులు ఇవ్వకముందే మీ సామాను విప్పుకోండి. మీరు బిగించినవి మల్గీ మీ స్వాధీనంలో ఉన్నంతవరకే తీసుకెళ్లగలరు, ఆ తర్వాత కుదరదు. గోడలు, ఫ్లోరింగు తీసుకున్నప్పుడు ఎలా ఉన్నాయో అలా చేసి ఇవ్వాలి. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీయండి. తాళం చెవులు ఎవరి చేతికి, ఏ తేదీన, ఏ గంటకు ఇచ్చారో రాసి సంతకం పెట్టించుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో చిరునామా మార్పు 15 రోజుల్లో చేయాలి.

ముందు వరుసలో ఆయన చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, కాగితాలు కూడా తెచ్చుకున్నట్టున్నారు. అడగండి. ముందు పై లీజు తేదీ చెప్పండి.