వెలుగుల బొమ్మల కింద గీయవలసిన గీత

శ్రోతలకు నమస్కారం. 2024 అక్టోబరులో విజయవాడ కృష్ణా తీరాన ఐదువేలకు పైగా డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు కట్టాయి. అటువంటి ముచ్చట మన నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టునో, ఒంగోలు మైదానంలోనో చూడాలని ఎవరికి మాత్రం ఉండదు? నాకూ ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు.

అదే ఏడాది డిసెంబరు 21న అమెరికాలోని ఓర్లాండో నగరంలో, ఇయోలా అనే చెరువు మీద, క్రిస్మస్ ప్రదర్శనకు 500 డ్రోన్లను సిద్ధం చేశారు. అనుమతులు ఉన్నాయి, చెరువు చుట్టూ జనం ఉన్నారు. డ్రోన్లు పైకి లేచిన కాసేపటికే కొన్ని ఒకదానినొకటి ఢీకొని రాలిపోయాయి. వాటిలో ఒకటి ఏడేళ్ల బాలుడి ఛాతీకి బలంగా తగలడంతో, ఆ పసివాడికి గుండె శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. దర్యాప్తులో తేలినది ఇది: ప్రదర్శన దిశ అనుకున్నదానికంటే 7 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంది, డ్రోన్లకు ప్రదర్శన వివరాలు చెప్పే, చివరిగా సవరించిన ఫైలు అన్ని డ్రోన్లకూ చేరలేదు.

ఏడు డిగ్రీలంటే చాలా తక్కువనిపిస్తుంది. కానీ నూరు మీటర్ల దూరానికి వెళ్లేసరికి ఆ ఏడు డిగ్రీలే పన్నెండు మీటర్లవుతాయి. నీటి మీద ఉండవలసిన డ్రోను గట్టు మీదికి రావడానికి పన్నెండు మీటర్లు చాలు.

మన దేశంలో 2021 డ్రోన్ నియమాలు అమలులో ఉన్నాయి. ప్రత్యేక ఆంక్షలు లేని ప్రాంతమైన ఆకుపచ్చ మండలంలో సాధారణంగా 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. గట్టి ఆంక్షలున్న ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. 250 గ్రాములు దాటిన డ్రోనుకు థర్డ్ పార్టీ బీమా, అంటే ఇతరులకు జరిగే నష్టానికి వర్తించే బీమా, ఉండాలి. ఇవన్నీ అవసరమే. అయితే బీమా పత్రం పిల్లవాడి మీద పడే డ్రోనును ఆపలేదు. ఆపేది దూరం. నూరు మీటర్ల ఎత్తున మోటారు ఆగిన డ్రోను నేలను తాకడానికి కనీసం నాలుగున్నర సెకన్లు పడుతుంది. మోటారు ఆగే సమయానికి అది సెకనుకు ఎనిమిది మీటర్ల వేగంతో సాగుతూ ఉంటే, ముప్పై మీటర్లు దాటి వచ్చి పడగలదు. గాలి తోడైతే ఇంకా దూరం.

కాబట్టి జనాన్ని ఆపే తాడును పోలీసుల వీలును బట్టి కాక, ఎత్తును, వేగాన్ని, గాలిని లెక్కగట్టి కట్టాలి. మన తీరంలో వేసవి సాయంత్రాలు తూర్పు నుంచి సముద్రపు గాలి వీస్తుంది. అప్పుడు పడమటి గట్టున కాక తూర్పు గట్టున జనాన్ని నిలబెట్టడం మేలు. మీ ఊరి ఉత్సవ కమిటీ డ్రోన్ల కంపెనీతో మాట్లాడేటప్పుడు, ధర కంటే ముందు ఆ తాడు లెక్కను కాగితం మీద వేసి చూపించమని అడగండి.