సెఖోన్ ఎన్ని విమానాలు కూల్చాడు అని అడగడం ఇక ఆపుదాం

నమస్తే అండి. 1971 భారత్-పాక్ యుద్ధంలో శ్రీనగర్ మీది దాడిని ఎదుర్కొన్న మన వైమానిక దళ పైలట్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ గురించి ఎక్కడ మాట వచ్చినా కింద రెండు రకాల కామెంట్లు ఖాయం. మీదికొచ్చిన ఆరు సేబర్‌లనీ, అంటే పాకిస్తాన్ ఫైటర్ విమానాలనీ, ఒక్కడే కూల్చేశాడని ఒకరు రాస్తారు, అంతమంది మీదికి ఒంటరిగా పోవడం పిచ్చి ధైర్యం తప్ప ఏముంది అని ఇంకొకరు రాస్తారు. రెండూ తప్పే. మొదటిది అబద్ధం, పోనీ అభిమానంతో చెప్పిన అబద్ధం. రెండోదానికి మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే ఆ రోజు అతను చేసిన పనిలో పిచ్చి ఏమీ లేదు, బోలెడు లెక్క ఉంది. ఆ లెక్కేంటో చెప్తాను.

1971 యుద్ధం గురించి మీకు తెలుసు కాబట్టి నేరుగా డిసెంబర్ 14కి, శ్రీనగర్‌కి వెళ్లిపోదాం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కుదిరిన ఒప్పందం వల్ల యుద్ధం మొదలయ్యేదాకా శ్రీనగర్‌లో మన ఫైటర్ విమానాలు ఉండేవి కావు. అంటే సెఖోన్ ఉన్న 18వ స్క్వాడ్రన్ పైలట్లకి ఆ లోయ కొత్త, ఆ చలి కొత్త, సముద్రమట్టానికి 5 వేల అడుగుల పైన ఉన్న ఆ రన్‌వే కూడా కొత్తే. చుట్టూ కొండలు, కాబట్టి శత్రు విమానం వస్తున్న సంగతి చివరి నిమిషాల్లో గానీ తెలియదు.

[స్క్రీన్ మీద మ్యాప్: పెషావర్ నుంచి శ్రీనగర్]

పెషావర్ నుంచి ఆరు సేబర్‌లు బయల్దేరాయి. గీత పెట్టి కొలిస్తే సుమారు 300 కిలోమీటర్లు. ఈ దూరాన్ని గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

ఇప్పుడు కబడ్డీ సంగతి. కూతకి వచ్చినవాడు ఎంత బలవంతుడైనా అతని దగ్గర ఒక్క ఊపిరే ఉంటుంది. మన కోర్టులోకి రావాలి, తాకాలి, ఊపిరి ఆగేలోపు గీత దాటి వెనక్కి పోవాలి. అతన్ని ఆపేవాడు అతనికంటే బలవంతుడు కావాల్సిన పని లేదు. చీలమండ దొరికితే చాలు, వదలకుండా పట్టుకుంటే చాలు, ఊపిరి అయిపోతుంది. శ్రీనగర్‌లో కూతకి వచ్చింది సేబర్‌లు. వాళ్ల ఊపిరి ఇంధనం. అందరూ సెఖోన్ ఆరుగురి మీదికి దూకాడని చెప్తారు కానీ, అతను నిజానికి మన కోర్టులో నిలబడి వచ్చినవాళ్ల కాలు పట్టుకున్నవాడు.

ఆ ఉదయం మన నాట్ ఫైటర్ విమానాలు రెండు సిద్ధంగా ఉన్నాయి. ముందు విమానంలో ఘుమన్, వెనక నంబర్ టూగా ఫ్లయింగ్ ఆఫీసర్ సెఖోన్. ముందు విమానం లేచేసరికి దుమ్ము కమ్మేసింది, సెఖోన్ వెంటనే బయల్దేరలేకపోయాడు. రన్‌వే కనిపించే సమయానికి సేబర్‌లు నెత్తి మీదికి వచ్చేశాయి, దాడి మొదలైంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. రన్‌వే మీద పరుగెత్తుతున్న ఫైటర్‌కి వేగం ఉండదు, ఎత్తు ఉండదు, పక్కకి తిరిగే వీలు అసలే ఉండదు. ఏ పైలట్‌నైనా అడగండి, విమానం అన్నిటికంటే నిస్సహాయంగా ఉండేది అప్పుడే. విమానం వదిలేసి కందకంలోకి దూకితే అతన్ని ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. అతను థ్రాటిల్ ముందుకి తోశాడు.

లేచీ లేవగానే ఒక సేబర్ జంట వెనక చేరాడు.

అదెలా సాధ్యం అంటే నాట్ గురించి చెప్పాలి. బెంగళూరులో హెచ్‌ఏఎల్ తయారుచేసిన బుల్లి విమానం ఇది. పొడవు 9 మీటర్ల లోపే, రెక్కల వెడల్పు 7 మీటర్లు కూడా లేదు. సేబర్ పొడవూ, రెక్కల వెడల్పూ రెండూ 11 మీటర్ల పైనే. నాట్ చిన్నది, తేలిక, గాల్లో కనిపెట్టడం కష్టం, గట్టిగా మలుపు తిప్పొచ్చు. ఆయుధాలు రెండే రెండు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు. ఎదుటివాడి వెనక్కి చేరాలంటే ఇద్దరిలో ఎవరు ఇరుకైన చుట్టు తిరగగలరు అన్నదే పోటీ. అయితే ప్రతి గట్టి మలుపూ వేగాన్ని తినేస్తుంది. ఎత్తులో ఉంటే ముక్కు కిందికి వంచి ఆ వేగం తిరిగి తెచ్చుకోవచ్చు. ఈ పోరాటం జరిగింది చెట్ల తలల ఎత్తులో, కిందికి వంచడానికి చోటెక్కడిది?

మళ్లీ కబడ్డీకి వస్తే, ఇక్కడో తేడా ఉంది. కబడ్డీలో కూతకి ఒక్కడే వస్తాడు. ఇక్కడ నువ్వు ఒకడి కాలు పట్టుకుని ఉండగా వాడి తోటివాడు నీ వెనక్కి వస్తున్నాడు. ఫైటర్లు జంటగా ఎగిరేది ఇందుకే, ఒకడు కొడుతుంటే రెండోవాడు వాడి వీపు కాస్తాడు. సెఖోన్ వీపు కాసేవాడు లేడు. దుమ్ములో, మసకలో ఘుమన్‌కి ఆ పోరాటం ఎక్కడ జరుగుతోందో కనిపించలేదు. ఇద్దరు సేబర్‌లతో చుట్లు తిరుగుతున్నానని, ఒకడి వెనక చేరుతుంటే రెండోవాడు తన మీద పైచేయి సాధిస్తున్నాడని సెఖోన్ రేడియోలో చెప్తూనే ఉన్నాడు. అది భయపడ్డ మనిషి మాట కాదండీ, పని మధ్యలో ఉన్న మనిషి మాట.

వదిలేసి కొండల మాటుకి జారుకోవచ్చు కదా అంటారేమో. జారుకుంటే సేబర్‌లకి మళ్లీ ఊపిరి దొరుకుతుంది, తీరిగ్గా ఇంకోసారి రన్‌వే మీదికి, ఊరి మీదికి వస్తాయి. అతను పట్టు బిగించిన ప్రతి నిమిషం వాళ్ల ఇంధనం కరుగుతోంది, ఇంటికి పోవాల్సిన 300 కిలోమీటర్లు అలాగే ఉన్నాయి. రెండు సేబర్‌లని దెబ్బతీశాడని అతని పరమ వీర చక్ర పురస్కార పత్రంలో ఉంది. పాకిస్తాన్ వైపు కథనంలో తమ విమానాలన్నీ తిరిగొచ్చాయని ఉంది. ఈ లెక్క మీద మన కామెంట్లలో యుద్ధాలు జరుగుతుంటాయి, నాకైతే అది అసలు విషయమే కాదు. అదే పత్రంలో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: శత్రు విమానాలు ఎయిర్‌ఫీల్డ్ మీదా ఊరి మీదా దాడి పూర్తిచేయకుండానే వెనక్కి పోయాయి. అతను లేచింది దాని కోసమే.

టైమ్ అయిపోతోంది, మిగతాది త్వరగా చెప్పేస్తాను. తనకి దెబ్బ తగిలిందని రేడియోలో చెప్పాడు, ఘుమన్‌ని వచ్చి ఆ సేబర్‌ల పని పట్టమన్నాడు. విమానం కాసేపు తిన్నగా ఎగిరి తర్వాత తలకిందులైంది, బహుశా కంట్రోల్ వ్యవస్థ దెబ్బతిని ఉంటుంది. చివరి క్షణంలో కాక్‌పిట్ పైకప్పు ఎగిరిపడటం చూశారు, అంటే దూకే ప్రయత్నం చేశాడు, కానీ ఆ ఎత్తు చాలలేదు. శకలాలు కొండ లోయలో దొరికాయి, దేహం దొరకలేదు.

ఊరు పంజాబ్‌లో లూధియానా దగ్గర ఇసేవాల్. తండ్రి కూడా వైమానిక దళం మనిషే. పరమ వీర చక్ర ఇచ్చారు, భారత వైమానిక దళంలో ఇప్పటిదాకా అది అందుకున్నది ఈయనొక్కరే. 2023లో అండమాన్‌లో ఒక దీవికి ఆయన పేరు పెట్టారు. ఆ రోజు అవతలి వైపు నుంచి ఆయన మీద కాల్పులు జరిపిన పైలట్ సలీం బేగ్ మీర్జా, ఏళ్ల తర్వాత రాసిన వ్యాసంలో ఆయన నైపుణ్యాన్ని మెచ్చుకున్నాడు. పిచ్చి ధైర్యం అని రాసేవాళ్లు ముందు ఆ వ్యాసం చదవండి.