మావాడు ఏ కౌంటీ జైల్లో ఉన్నాడు?

అందరికీ నమస్కారం.

ఆదివారం భోజనాలయ్యాక అరెస్టుల గురించి వినమంటే ఎవరికీ మనసొప్పదు. అయినా ఇంతమంది ఆగారు, సంతోషం. నేను లాయర్ని కాను. డాలస్ చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా ఉంటూ, మనవాళ్లకి కష్టమొస్తే ఫోన్ ఎత్తే మనుషుల్లో ఒకణ్ణి. అలా ఎత్తిన ఫోన్లలో ఒకదాని గురించి చెప్పి మొదలుపెడతాను.

రాత్రి పదకొండు దాటింది. ఖమ్మం వైపు నుంచి ఒకావిడ. "అన్నయ్య గారూ, మా బాబు ఫోన్ నిన్నటి నుంచి స్విచాఫ్ వస్తోందండీ. రూమ్మేట్లని అడిగితే తెలీదంటున్నారు." వెనక నుంచి వాళ్లాయన "యాక్సిడెంటేమో, ఆస్పత్రులు అడగమను" అంటున్నారు. అబ్బాయి ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నాడు. సెలవులకి ఒక్కడే కారేసుకుని ఎల్ పాసో వైపు బయల్దేరాడు. చివరగా ఇంటికి పంపింది ఒక గ్యాస్ స్టేషన్ దగ్గర దిగిన ఫొటో.

ఆస్పత్రులకి ఫోన్లు చేశాం. లేడు. అప్పుడు అడగలేక అడిగాను. "అమ్మా, పోలీసులు ఆపి ఉంటారేమో, అదీ చూద్దామా?" ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మావాడు అలాంటివాడు కాదండీ" అంది.

చాలా కుటుంబాలు ఈ మాట దగ్గరే ఆగిపోతాయి. విలువైన గంటలు అక్కడే పోతాయి. టెక్సస్‌లో అరెస్టవడానికి దొంగతనమే చేయక్కర్లేదు. లాగో విస్టా అనే చిన్న ఊళ్లో సీటుబెల్టు పెట్టుకోలేదని ఒక తల్లిని పిల్లల ముందే అరెస్టు చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2001లో ఆ కోర్టు 5-4 తేడాతో ఆ అరెస్టు చెల్లుతుందనే తీర్పిచ్చింది. పాత స్పీడింగ్ టికెట్ కట్టడం మర్చిపోయి, కోర్టు తారీఖుకి వెళ్లకపోతే వారంటు పుడుతుంది. ఎప్పుడో ఇంకెక్కడో కారు లైటు వెలగలేదని ఆపినప్పుడు ఆ వారంటు స్క్రీన్ మీద కనిపిస్తుంది. అందుకని జైల్లో వెతకడమంటే మీవాడు తప్పు చేశాడని ఒప్పుకోవడం కాదు. మీవాడు ఎక్కడున్నాడో తెలుసుకోవడం, అంతే.

ముందు ఏ కౌంటీయో తేల్చుకోవాలి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. 2020 జనాభా లెక్కల్లో లవింగ్ కౌంటీలో తేలింది 64 మంది. మన ఊళ్లో ఒక వీధిలో అంతకంటే ఎక్కువమంది ఉంటారు. కారు ఆపింది స్టేట్ ట్రూపర్, అంటే రాష్ట్ర పోలీసు కావచ్చు, ఊరి పోలీసు కావచ్చు, షెరీఫ్ దగ్గర పనిచేసే డెప్యూటీ కావచ్చు. ఎవరు ఆపినా, పల్లె ప్రాంతంలో మనిషిని తీసుకెళ్లేది మామూలుగా కౌంటీ జైలుకే. ఆ జైలు నడిపేది షెరీఫ్, అంటే జనం ఓటేసి ఎన్నుకున్న కౌంటీ పోలీసు పెద్ద. కాబట్టి ఆఖరి లొకేషన్ ఏ కౌంటీలో ఉందో మ్యాపులో చూడండి. దాని తర్వాతి కౌంటీ, ముందరి కౌంటీ కూడా రాసిపెట్టుకోండి. సొంత జైలు లేని చిన్న కౌంటీలు పక్క కౌంటీ జైల్లో మంచాలు అద్దెకు తీసుకుంటాయి. పట్టుకున్నది ఒకచోట, ఉంచింది ఇంకోచోట అవుతుంది.

డాలస్, కాలిన్, డెంటన్ లాంటి పెద్ద కౌంటీలకైతే వెబ్‌సైట్‌లో పేరు కొడితే వస్తుంది. పేరు, వయసు, లోపలికి తెచ్చిన తేదీ, టైము, పట్టుకున్న శాఖ, నేరారోపణ, బాండ్ (బెయిలు సొమ్ము) ఎంత, ఇవన్నీ ఉంటాయి. దీన్నే జైల్ రోస్టర్ అంటారు. చిన్న కౌంటీల్లో అలా కాదు. ఒక షెరీఫ్ రోజూ పొద్దున పీడీఎఫ్ పెడతాడు, ఇంకొకాయన ఫేస్‌బుక్ పేజీలో పెడతాడు, వేరొకచోట అసలేమీ ఉండదు. ఆ రాత్రి మేం చూసిన కౌంటీ సైట్‌లో షెరీఫ్ ఫొటో, ఒక ఫోన్ నంబరు, ఆఫీసు టైమింగ్స్ ఉన్నాయి, అంతే. పక్క కౌంటీకి రోస్టర్ ఉంది కానీ అందులో మావాడి పేరు రాలేదు. వైన్‌లింక్ అని చాలా రాష్ట్రాలకు పనిచేసే ఉచిత సైట్ ఉంది, మనిషి కస్టడీలో ఉన్నాడో లేడో చెబుతుంది. దాంట్లోనూ అన్ని కౌంటీలూ ఉండవు. ఇంకోటి, వేలిముద్రలు, ఫొటో, సామాన్ల లెక్క అన్నీ అయ్యేదాకా పేరు రోస్టర్ మీదికి ఎక్కదు. దానికి కొన్ని గంటలు పట్టొచ్చు. ఒకసారి చూసి లేడని వదిలేయకండి.

ఇప్పుడు మన పేర్ల సంగతి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లు దొరకకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. అమెరికా రోస్టర్‌లో ముందు ఇంటిపేరు, తర్వాత అసలు పేరు. మనవాడి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, వీసా మీద అసలు పేరు వెళ్లి ఇంటిపేరు గడిలో కూర్చుంటుంది. ముందు పేరు గడిలో 'ఎఫ్ ఎన్ యూ' అని పడుతుంది. ముందు పేరు తెలియదు అని దానర్థం. తల్లిదండ్రులు ఇంటిపేరుతో వెతుకుతుంటారు, అక్కడ అది ఉండనే ఉండదు. వెంకట సాయి ఫలానా అని మూడు ముక్కల పేరుంటే, వెంకట ఒక్కటే ఎక్కి మిగతాది ఎగిరిపోతుంది. నైట్ డ్యూటీలో ఉన్న మనిషి డ్రైవింగ్ లైసెన్స్ చూసి టైప్ చేసేటప్పుడు ఒక అక్షరం అటూ ఇటూ అవుతుంది. అందుకే పూర్తి పేరు కొట్టకండి. మొదటి మూడు అక్షరాలు కొట్టి చూడండి. ఇంటిపేరు గడిలో అసలు పేరు, అసలు పేరు గడిలో ఇంటిపేరు, రెండు రకాలుగానూ చూడండి. ఎఫ్ ఎన్ యూ అని కూడా కొట్టి చూడండి.

పుట్టినతేదీ కూడా అంతే. చివరికి ఆ ఫోన్ నంబరుకే చేశాం. జైల్లో డ్యూటీలో ఉన్నావిడ ఓపిగ్గా "డేట్ ఆఫ్ బర్త్ చెప్పండి" అంది. అమ్మ ఆగస్టులో ఒక తేదీ చెప్పింది. అలాంటివాళ్లు లేరంది అవతలావిడ. నాకు అప్పుడు వెలిగింది. "అమ్మా, సర్టిఫికెట్‌లో ఏముంది?" బళ్లో వేసేటప్పుడు మాస్టారు జూన్ 1 అని రాశారట. ఆ తేదీ చెప్పగానే అవతల కీబోర్డు చప్పుడు, తర్వాత "యెస్, హి ఈజ్ హియర్." ఖమ్మంలో ఆవిడ ఏడుపు. అది భయమో, మనిషి బతికే ఉన్నాడన్న ఊరటో, ఆ ఏడుపు నాకింకా చెవుల్లో ఉంది.

ఫోన్ చేసేటప్పుడు 911కి చేయకండి. షెరీఫ్ ఆఫీసు మామూలు లైనుకో, జైలు లైనుకో చేయండి. గౌరవంగా, నెమ్మదిగా అడగండి. ఈ మనిషి మీ కస్టడీలో ఉన్నాడా? నేరారోపణ ఏమిటి? మేజిస్ట్రేటు ముందు పెట్టారా? బాండ్ ఎంత? ఇంకేదైనా హోల్డ్ ఉందా? ఈ ఐదే. టెక్సస్‌లో అరెస్టయిన 48 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. పల్లెల్లో ఆ పని చేసేది తరచుగా జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే స్థానిక జడ్జి. అబ్బాయి జైలు నుంచి ఫోన్ చేస్తే మాత్రం కేసు గురించి ఒక్క మాటా మాట్లాడించకండి. ఆ కాల్స్ రికార్డవుతాయి. "బాగున్నావా, లాయర్ని చూస్తున్నాం" అని చెప్పి పెట్టేయండి.

ఐదో ప్రశ్న మన పిల్లలకి ముఖ్యమైనది. హోల్డ్ అంటే ఈ మనిషిని వదలొద్దని ఇంకో శాఖ పెట్టేది, మన పిల్లల విషయంలో ముఖ్యంగా ఇమిగ్రేషన్ వాళ్లు పెట్టేది. అది ఉంటే బాండ్ కట్టినా ఇంటికి రాడు, వాళ్ల చేతికి వెళ్తాడు. కాబట్టి డబ్బు కట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. ఎల్ పాసో నుంచి ఐ-10 హైవే మీద తిరిగి వచ్చేటప్పుడు హడ్స్‌పెత్ కౌంటీలో, సియెర్రా బ్లాంకా దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంటుంది. అక్కడ పాస్‌పోర్టు, ఐ-20 (కాలేజీ ఇచ్చే విద్యార్థి పత్రం) అడుగుతారు. ఇమిగ్రేషన్ వాళ్లు నేరుగా తీసుకెళ్తే పేరు కౌంటీ రోస్టర్‌లో ఉండకపోవచ్చు. ఐస్ (ఇమిగ్రేషన్ శాఖ) వాళ్ల ఆన్‌లైన్ డిటైనీ లొకేటర్‌లో వెతకాలి. పేరు అచ్చంగా కుదరాలి, పుట్టిన దేశం చెప్పాలి. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ప్రభుత్వమే నడిపిన నకిలీ కాలేజీ వ్యవహారంలో 129 మంది భారతీయ విద్యార్థుల్ని పట్టుకున్నారు. వాళ్లలో మన తెలుగు పిల్లలు చాలామంది. ఏ రాష్ట్రంలో ఉన్నారో తెలియక ఇళ్లల్లో ఎంత టెన్షన్ పడ్డారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అరెస్టయిన విదేశీయుడు అడిగితే వాళ్ల దేశం కాన్సులేట్‌కి చెప్పాలని వియన్నా ఒప్పందం 36వ అధికరణం చెబుతోంది. టెక్సస్‌కి మన కాన్సులేట్ హ్యూస్టన్‌లో ఉంది.

జైలు నుంచి వచ్చేశాక కాగితాలు కావాలంటే టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద షెరీఫ్‌కి రాతపూర్వకంగా అడగొచ్చు. ఈమెయిల్ చాలు, ఎందుకని చెప్పనక్కర్లేదు. అరెస్టు తాలూకు ప్రాథమిక వివరాలు, అంటే ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ, దేనికి అన్నవి దాచడానికి ఆ చట్టం ఒప్పుకోదు. మిగతావి ఇవ్వనంటే మామూలుగా పది పనిదినాల్లోపు షెరీఫే రాష్ట్ర అటార్నీ జనరల్ అభిప్రాయం అడగాలి.

కేసు ఏమైందన్నది మాత్రం షెరీఫ్ దగ్గర కాదు, కోర్టు క్లర్కు దగ్గర ఉంటుంది. పెద్ద నేరాలైతే డిస్ట్రిక్ట్ క్లర్కు, వాటికన్నా చిన్నవైతే కౌంటీ క్లర్కు, జరిమానా కేసులైతే జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టు, ఊరి పరిధిలో అయితే మునిసిపల్ కోర్టు. మరీ చిన్న కౌంటీల్లో డిస్ట్రిక్ట్ క్లర్కూ కౌంటీ క్లర్కూ ఒకే మనిషి. ఆన్‌లైన్‌లో ఏమీ లేకపోయినా, ఆ మనిషికి ఫోన్ చేస్తే ఫైలు తీసి చదివి చెబుతారు. ఇది నా అనుభవం. కేసు కొట్టేస్తే ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ వెంటనే తీసుకోండి, రెండు మూడు తీసుకోండి. ఆ తర్వాతే ఎక్స్‌పంక్షన్, అంటే రికార్డు చెరిపించే పని మొదలుపెట్టండి. వీసా ఫారం డీఎస్-160 ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది, క్షమాభిక్ష లాంటివి వచ్చినా సరే చెప్పమంటుంది. రికార్డు చెరిపేశాక కోర్టులో కాగితం దొరకదు, కాన్సులేట్‌లో అదే కాగితం అడుగుతారు.

2025 ఏప్రిల్‌లో ఏం జరిగిందో చూశాం కదా. విద్యార్థుల పేర్లు పోలీసు డేటాబేస్‌తో సరిపోల్చితే 6,400 దాకా తగిలాయని ప్రభుత్వమే కోర్టులో చెప్పింది. వేలమంది సెవిస్ రికార్డులు, అంటే విదేశీ విద్యార్థులుగా ప్రభుత్వం దగ్గరుండే రికార్డులు రద్దయ్యాయి. వాళ్లలో కేసు కొట్టేసినవాళ్లూ, ట్రాఫిక్ తప్పులవాళ్లూ ఉన్నారు. కోర్టులకెక్కితే ఆ నెలాఖరుకి మళ్లీ పునరుద్ధరించారు. అప్పుడు కోర్టు కాగితం చేతిలో ఉన్న పిల్లలు లాయర్ దగ్గర నిలబడగలిగారు.

మనలో మనం మాట్లాడుకోవాల్సిన సంగతి ఒకటుంది. మావాడు దొరికిన మర్నాడే రోస్టర్‌లో కాకపోయినా, జైల్లో తీసిన అతని ఫొటో, అంటే మగ్‌షాట్, ఒక వాట్సాప్ గ్రూపులో తిరిగింది. ఎవరు పెట్టారో ఇప్పుడు అనవసరం. ఆ ఫొటో కింద రాసినవి చదివితే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. పాత టికెట్ జరిమానా కట్టి అబ్బాయి అదే మధ్యాహ్నం బయటికి వచ్చాడు. ఊళ్లో మాత్రం డ్రగ్స్ కేసు అని చెప్పుకున్నారు. వాళ్ల చెల్లికి వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. అరెస్టు అంటే పోలీసు ఆపాడని అర్థం, నేరం చేశాడని కాదు. దయచేసి, చేతులెత్తి అడుగుతున్నాను, ఇతరుల పిల్లల మగ్‌షాట్లు ఫార్వర్డ్ చేయకండి. ఫొటో తీసేయడానికి డబ్బులడిగే సైట్లకి పైసా ఇవ్వకండి. అలాంటి సైట్లకి టెక్సస్ 2013లోనే చట్టం చేసి హద్దులు పెట్టింది.

రికార్డు వెతకడం తెలిస్తే ఇంకో మేలుంది. "మీ అబ్బాయి జైల్లో ఉన్నాడు, గంటలో డబ్బు పంపండి" అని ఇండియాలో అమ్మానాన్నలకి దొంగ ఫోన్లు వస్తున్నాయి. ఆ మనిషి ఇచ్చిన నంబరుకి చేయకండి. ఏ కౌంటీ అని అడగండి, షెరీఫ్ నంబరు మీరే వెతుక్కుని చేయండి. గిఫ్ట్ కార్డులతో బాండ్ కట్టమని ఏ జైలూ అడగదు.

బయట టేబుల్ మీద కాగితాలు పెట్టాం. పాస్‌పోర్టులో ఉన్నట్టుగా పేరు, సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టినతేదీ (నెల ముందు, రోజు తర్వాత), లైసెన్స్ నంబరు, ఒక లాయర్ నంబరు అందులో నింపండి. ఒకటి ఇంటికి పంపండి, ఒకటి రూమ్మేట్‌కి ఇవ్వండి. పదిహేడేళ్ల పిల్లలున్న తల్లిదండ్రులు కూడా తీసుకోండి, ఆ వయసుని టెక్సస్ క్రిమినల్ కేసుల్లో పెద్దవాళ్లతోనే లెక్కేస్తుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి. అందరి ముందు అడగలేనివాళ్లు టీ దగ్గర నన్ను పక్కకి పిలవండి.