ఒకే దుంగ, ఒకే వరుస: హోటల్ గోడల మీద కలప వెనీర్

పెద్దలకు, వడ్రంగి మేస్త్రీలకు, ఇంటీరియర్ పని నేర్చుకుంటున్న విద్యార్థులకు నమస్కారం.

భోగాపురంలో విమానాశ్రయం వచ్చాక ఈ తీరం వెంబడి పెద్ద హోటళ్లు కట్టక తప్పదు. వాటి లాబీల్లో, గదుల్లో కలప పని మన విజయనగరం, శ్రీకాకుళం వడ్రంగుల చేతి మీదుగా జరగాలని నా కోరిక. అందుకు వెనీర్ గురించి మనకు లోతుగా తెలియాలి.

వెనీర్ అసలైన కలపే. దుంగ నుంచి కత్తితో తీసిన సుమారు అర మిల్లీమీటరు పొర. దాన్ని ప్లైవుడ్ మీదో ఎండీఎఫ్ (కలప నారను జిగురుతో నొక్కి చేసిన పలక) మీదో అతికిస్తారు. కాగితం మీద కలప బొమ్మ అచ్చువేసి చేసే మైకాతో దీన్ని పోల్చకూడదు. 30 సెంటీమీటర్ల మందమున్న దిమ్మను అంగుళం పలకలుగా కోస్తే, రంపపు పొట్టు పోను పది పలకలు వస్తాయి. అదే దిమ్మను పొరలుగా తీస్తే లెక్క ప్రకారం 600. పొట్టుగా పోయేది ఏమీ ఉండదు. జిట్రేగి (రోజ్‌వుడ్) వంటి కలప విషయంలో ఈ పొదుపు చాలా అవసరం. 2017 నుంచి ఆ ప్రజాతి అంతా అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలో ఉంది.

అసలు విషయం వరుస. పొరలను కోసిన క్రమంలోనే కట్ట కట్టి, అంకెలు వేసి అమ్ముతారు. ఆ క్రమం తప్పితే ఎంత ఖరీదైన కలపైనా అతుకుల గోడే అవుతుంది. పక్కపక్క పొరల్లో చారలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకదాన్ని పుస్తకంలా తెరిచి రెండోదాని పక్కన పెడితే చారలు అద్దంలో చూసినట్టు కలుస్తాయి. దీన్నే బుక్ మ్యాచ్ అంటాం. ఇందులో ఒక చిక్కుంది. కత్తి పొరను వంచుతూ కోస్తుంది కనుక ఒక ముఖం బిగువుగా ఉంటుంది, రెండో ముఖాన సన్నటి పగుళ్లు పడతాయి. పుస్తకంలా తెరిచినప్పుడు ఒక పొర బిగువు ముఖం, పక్క పొర పగుళ్ల ముఖం పైకి వస్తాయి. రంగు పూస్తే పగుళ్ల వైపు ఎక్కువ పీలుస్తుంది. గోడ నిండా ముదురు, లేత పట్టీలు తేలతాయి. ముందుగా తుండు ముక్కల మీద రంగు వేసి, హోటల్లో వెలిగే పసుపు దీపాల కిందే చూడాలి. పట్టీలు కనిపిస్తే రంగు తగ్గించండి, లేదా పొరలను తిప్పకుండా వరుసగా పేర్చండి. పొడుగు చారల టేకుకు రెండో పద్ధతే నాకు నచ్చుతుంది.

రిసెప్షన్ బల్ల, దాని వెనక గోడ, లిఫ్టు చుట్టూ ఉండే పలకలు ఒకే దుంగవి కావాలి. గదులకు వేరే దుంగ వాడినా ఇబ్బంది లేదు. కొన్ని షీట్లు మరమ్మతుకు దాచి, వాటి అంకెలు రాసిపెట్టండి. వెలుతురుకు వాల్‌నట్ లేతబడుతుంది, చెర్రీ ముదురుతుంది. పటం తగిలించి కొన్నేళ్లకు తీస్తే దాని ఆకారం గోడ మీద మిగులుతుంది. యజమానికి ఈ సంగతి ముందే చెప్పడం మన బాధ్యత.

ఇక మన సముద్రపు గాలి. ఖాళీ గదుల్లో ఏసీ ఆపేస్తారు, తేమ లోపలికి చేరుతుంది. ముందువైపు మాత్రమే వెనీర్ అతికించిన పలక అప్పుడు వంగుతుంది. వెనకవైపు కూడా అంతే మందం పొర వేయాలి, అంచులు మూయాలి. ఖర్చు తగ్గించమంటే చాలామంది మొదట వదిలేసేది ఈ వెనక పొరనే. దయచేసి దానికి ఒప్పుకోకండి.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. పసుపు రంగు పనస చేవ ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. మన తీరంలో కట్టే హోటల్ రిసెప్షన్ గోడకు వాల్‌నట్ ఎందుకు, పనస పొర ఎందుకు కాకూడదు? డిజైనర్లను అడుగుతున్నాను: నక్షా ఖరారు చేసేలోపే మేస్త్రీని పిలవండి. షీట్లన్నీ నేల మీద పరిచి, ఇద్దరూ కలిసి వరుస నిర్ణయించండి. పొరలను పలకకు అతికించే ప్రెస్‌లోకి వెళ్లాక మార్చడానికి వీలుండదు.