జవాబు రాకపోతే ఏం చేస్తారు?

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక పెట్టిన సెషన్ కదా, నేరుగా డబ్బు సంగతితోనే మొదలుపెడతాను. డబ్బు మాటెత్తితే ఎవరికీ నిద్ర రాదు.

మీలో చాలామంది ప్రాజెక్టుల్లో పేమెంట్ గేట్‌వే, అంటే మీ సైటు తరఫున ఆన్‌లైన్లో డబ్బు తీసుకునే బయటి సర్వీసు, పెట్టే ఉంటారు. డాక్యుమెంటేషన్‌లోంచి కాసిని లైన్లు తెచ్చుకుని, టెస్ట్ కార్డు నంబరు కొడితే 'సక్సెస్' వస్తుంది. ఆ లైన్ల గురించి నేనేం చెప్పను, మీకే బాగా వచ్చు. బయటి సర్వీసును పిలిచినప్పుడు అది సరే అనొచ్చు, కుదరదు అనొచ్చు, అసలేమీ అనకపోవచ్చు. మొదటి రెంటికీ అందరం కోడ్ రాస్తాం. నేను మాట్లాడేది మూడోదాని గురించి.

పచ్చళ్లు అమ్మే సైటు చేశారనుకోండి. ఆవకాయ 500 రూపాయలు. రేజర్‌పే అనే గేట్‌వేకి ఆ మొత్తాన్ని పైసల్లో, అంటే 50000 అని పంపాలి. 500 అని పంపితే ఐదు రూపాయలకే ఆవకాయ వెళ్లిపోతుంది! సరే, కొనే ఆవిడ రైల్లో కూర్చుని యూపీఐలో కట్టారు. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. ఈలోగా సిగ్నల్ పోయింది, బ్రౌజర్ మీ సైటుకి తిరిగి రాలేదు. ఆవిడ దగ్గర డబ్బు కట్ అయిన మెసేజ్ ఉంది, మీ దగ్గర ఆర్డరే లేదు. ఇక ఫోన్లు మొదలు.

అందుకే ఆర్డరును డబ్బు వచ్చాక కాదు, ముందే 'పెండింగ్' అని డేటాబేస్‌లో రాసుకోవాలి. డబ్బు అందిందన్న మాట బ్రౌజర్ చెబితే నమ్మొద్దు. గేట్‌వే సర్వర్ నేరుగా మీ సర్వర్‌కి పంపే సందేశం, అంటే వెబ్‌హుక్ మీదే ఆధారపడండి. అదీ గుడ్డిగా కాదు. మీరు వెబ్‌హుక్ అందుకునే అడ్రసు తెలిస్తే ఎవరైనా అక్కడికి 'డబ్బు కట్టేశాను' అని పంపగలరు. అందుకే వెబ్‌హుక్‌తోపాటు వచ్చే డిజిటల్ సంతకాన్ని మీ రహస్య కీతో లెక్కకట్టి సరిచూడాలి. ఆ లెక్క వచ్చిన డేటా మీద వచ్చింది వచ్చినట్టుగానే కట్టాలి. ముందు జేసన్‌గా (డేటా రాసే ఒక పద్ధతి) విప్పి మళ్లీ చుడితే ఒక్క ఖాళీ తేడా వచ్చినా సంతకం కలవదు. ఇక్కడ రాత్రుళ్లు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. ఇంకోటి, ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు రావచ్చు. దాంతో వచ్చే ఈవెంట్ ఐడీని ఒక్కసారే పడేలా (యునీక్‌గా) దాచుకోకపోతే రెండు జాడీలు వెళ్తాయి.

రిఫండ్ ఇంకా ప్రమాదం. రిక్వెస్ట్ పంపారు, టైమ్ అవుట్ అయింది. వెళ్లిందా, వెళ్లలేదా? తెలియక మళ్లీ పంపితే రెండుసార్లు జమయ్యే వీలుంది. స్ట్రైప్ లాంటి గేట్‌వేల్లో 'ఐడెంపొటెన్సీ కీ' అని ఉంటుంది, ఆ రిక్వెస్ట్‌కి మీరే పెట్టే గుర్తు అది. రెండోసారి అదే కీతో పంపితే కొత్త రిఫండ్ పుట్టదు, మొదటిదాని జవాబే వస్తుంది.

తప్పు మీదీ కాదు, మీ సర్వీసుదీ కాదు అన్న రోజులూ ఉంటాయి. 2021 మార్చి 8న టెలికాం కంపెనీలు ప్రతి ఎస్ఎంఎస్‌నీ ముందే నమోదైన నమూనాలతో (టెంప్లేట్లతో) పోల్చి చూసే తనిఖీ మొదలుపెట్టగానే దేశమంతటా ఓటీపీలు ఆగాయి. మర్నాడే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ నిబంధనను వారం పాటు పక్కన పెట్టింది. లాగిన్‌కి ఓటీపీ తప్ప వేరే దారి పెట్టుకోని సైట్లకి ఆరోజు గేటు మూసినట్టే.

ధరల సంగతీ అంతే. గూగుల్ మ్యాప్స్ 2018 దాకా రోజుకు 25,000 లోడ్లు, అంటే మీ పేజీలో మ్యాపు అన్నిసార్లు తెరుచుకోవడం, ఉచితంగా ఇచ్చేది. ఆ ఏడాది జులైలో అది నెలకు 200 డాలర్ల క్రెడిట్‌గా, అంటే మామూలు మ్యాపుకి నెలకు దాదాపు 28,000 లోడ్లుగా మారింది. యాప్‌లకి సర్వర్ పని చేసిపెట్టే, ఫేస్‌బుక్ కొన్న పార్స్ అనే సర్వీసు అయితే 2016 జనవరిలో మూసేస్తున్నామని చెప్పి ఏడాది గడువిచ్చింది, కోడ్‌ని ఓపెన్ సోర్స్ చేసింది. అందరూ అంత మర్యాదగా వెళ్లరు. బయటి సర్వీసును పిలిచే కోడ్ మీ ప్రాజెక్టులో ఒకే ఫైల్లో ఉంటే మారడానికి వారం పడుతుందేమో. నలభై ఫైళ్లలో చల్లి ఉంటే ఆ సెమిస్టర్ అయిపోతుంది.

మీ రహస్య కీలను కోడ్‌తోపాటు గిట్‌హబ్‌లో పెట్టకండి. దీని మీద ఉపన్యాసం అక్కర్లేదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు తెరవండి. ఏ సైటు పేరు ఏ ఐపీకి వెళ్లాలో మీ కంప్యూటర్‌కి చెప్పే హోస్ట్స్ ఫైల్లో మీ గేట్‌వే అడ్రసుని పనిచేయని ఐపీకి తిప్పి, మీ సైట్లో 'పే' నొక్కండి. స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో, ఎన్ని సెకన్లకి కనిపిస్తుందో రాసుకోండి. పది నిమిషాల్లో ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చూస్తాను.