పాత కంప్యూటర్‌కి చవకైన టేప్ డ్రైవ్: డాట్ 72, ఎల్‌టీఓ-2, ఎల్‌టీఓ-4లో ఏది కొనాలి?

నమస్తే అండి. ఈ బల్ల మీద మూడు టేప్ డ్రైవులున్నాయి. టేప్ డ్రైవ్ అంటే కంప్యూటర్ ఫైళ్ళని టేప్ క్యాసెట్ మీద కాపీ చేసి దాచే యంత్రం. డాట్, ఎల్‌టీఓ అన్నవి రెండు రకాల టేపులు. ఎడమవైపుది యూఎస్‌బీతో పనిచేసే డాట్ 72. మధ్యలోది ఎల్‌టీఓ-2, స్కజీ కనెక్షన్, మోడల్ హెచ్‌పీ అల్ట్రియం 448. కుడివైపుది ఎల్‌టీఓ-4, ఎస్ఏఎస్ కనెక్షన్, హెచ్‌పీ అల్ట్రియం 1760. మూడూ సెకండ్ హ్యాండ్‌వే. పక్కన కనిపిస్తున్న కంప్యూటర్ పెంటియం 4. విండోస్ ఎక్స్‌పీ, పాత రకం ఐడీఈ హార్డ్ డిస్క్, లోపల కార్డులు గుచ్చడానికి అన్నీ పీసీఐ స్లాట్లే.

ఇంత పాత కంప్యూటర్ ఇంకా ఎవరు వాడుతున్నారని అడగొచ్చు. ఒడిశాలోని మా బరంపురంలో, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు చాలా ఫొటో స్టూడియోల్లో ఇవి నడుస్తూనే ఉన్నాయి. పాత వీడియో కెమెరాల చిన్న క్యాసెట్లు, అదే మినీడీవీ, వాటి నుంచి వీడియో లాగాలంటే కెమెరాని కంప్యూటర్‌కి కలిపే ఫైర్‌వైర్ కార్డు కావాలి, ఆ కార్డు, ఆ పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఇందులోనే కుదురుకున్నాయి. వాటి హార్డ్ డిస్కుల్లో మన పెళ్ళిళ్ళున్నాయి, ఉపనయనాలున్నాయి, రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్ర వేషాలున్నాయి. ఆ వీడియోల్లో ఉన్న పెద్దవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ డిస్కు పోతే వాళ్ళ గొంతు మళ్ళీ వినలేం. అందుకే ఈ వీడియో చేస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. ఈ కంప్యూటర్‌కి నేను కొనమనేది మధ్యలో ఉన్న ఎల్‌టీఓ-2. కొత్తది, పెద్దది, ఎక్కువ పట్టేది ఎల్‌టీఓ-4 కదా, దాన్ని ఎందుకు వద్దంటున్నానో వినండి. మీ కంప్యూటర్ దీనికంటే కాస్త కొత్తదైతే నా జవాబు కూడా మారుతుంది.

ఇంకో మాట. మీ దగ్గరున్నదంతా కలిపి ఒక టీబీ లోపే ఉంటే టేప్ జోలికి వెళ్ళకండి. రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు కొని, రెండిట్లోనూ కాపీ చేసి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. అదే చవక. టేప్ ఎప్పుడు లాభమంటే డేటా పెరుగుతూ పోతున్నప్పుడు, ఒకసారి రాసి ఏళ్ళ తరబడి దాచాల్సి వచ్చినప్పుడు. డ్రైవ్‌కి ఒకసారి డబ్బు పెడితే ఆ తర్వాత ఒక్కో క్యాసెట్‌కి అయ్యే ఖర్చు తక్కువ. క్యాసెట్‌లో మోటారు ఉండదు, సర్క్యూట్ బోర్డు ఉండదు. కాలబైశాఖి రోజుల్లో పిడుగు పడి కంప్యూటర్ కాలిపోయినా అలమరాలో ఉన్న క్యాసెట్‌కి ఏమీ కాదు. వైరస్ కూడా దాన్ని అంటలేదు.

ఇప్పుడు అసలు విషయం. డ్రైవ్ వెతికే ముందు కంప్యూటర్ మూత తీసి స్లాట్లు చూడండి. డ్రైవ్ ఏదన్నది ఆ స్లాటే చెప్తుంది.

లోపల పొడుగాటి తెల్ల స్లాట్లు మాత్రమే ఉంటే అది పీసీఐ. దీనికి స్కజీ కార్డు వేసుకోవాలి. అడాప్టెక్ 19160, 29160 లాంటివి పాత మార్కెట్లో దొరుకుతాయి. 29160 కార్డు పళ్ళు స్లాటు కంటే పొడుగ్గా బయటకి వస్తాయి, కంగారు పడొద్దు. అది 64 బిట్ కార్డు, మామూలు 32 బిట్ స్లాటులో కూడా పనిచేస్తుంది, మిగిలిన భాగం గాల్లో ఉంటుంది. పీసీఐ మొత్తం దారి సెకనుకి 133 ఎంబీ, అది కూడా కాగితం మీద. టేప్‌కి వెళ్ళే డేటా ఆ ఇరుకు దారి మీదే నడవాలి.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లు డెస్క్‌టాప్ బోర్డుల్లోకి 2004 నుంచి వచ్చాయి. మీ బోర్డులో పొడుగు ఎక్స్‌ప్రెస్ స్లాటు ఖాళీగా ఉంటే, లేదా బోర్డులోనే డిస్‌ప్లే ఉండి గ్రాఫిక్స్ కార్డు తీసేయగలిగితే, అప్పుడు ఎస్ఏఎస్ కార్డు వేసుకోవచ్చు. ఎల్‌ఎస్‌ఐ 9200-8ఈ లాంటిది. దుకాణంలో అడిగేటప్పుడు హెచ్‌బీఏ, అంటే డ్రైవ్‌ని కంప్యూటర్‌కి నేరుగా కలిపే కార్డు, అదే కావాలని గట్టిగా చెప్పండి. లేకపోతే చాలా డిస్కుల్ని జట్టుగా నడిపే రెయిడ్ కార్డు అంటగడతారు, చూడ్డానికి ఒకేలా ఉంటుంది, కానీ చాలా రెయిడ్ కార్డులు టేప్ డ్రైవ్‌ని గుర్తించవు.

ఈ రెండూ కుదరకపోతే, మూత తీసే ఓపికే లేకపోతే, యూఎస్‌బీ. అప్పుడు డాట్ 72 లేదా డాట్ 160.

స్కజీ విషయంలో మూడు జాగ్రత్తలు. డ్రైవ్‌కి 68 పిన్నుల సాకెట్ ఉందా, 50 పిన్నులదా చూసుకోండి. కేబుల్ చివర టెర్మినేటర్, అంటే లైను అక్కడితో ముగిసిందని చెప్పే చిన్న బిళ్ళ, తప్పనిసరి, అది లేక డ్రైవ్ కనపడకపోతే డ్రైవ్ చచ్చిపోయిందని పారేసేవాళ్ళున్నారు. మూడోది, డ్రైవ్ మీద హెచ్‌వీడీ అని రాసి ఉంటే వదిలేయండి, అది ఎక్కువ వోల్టేజి స్కజీ. మన కార్డులు తక్కువ వోల్టేజివి, ఎల్‌వీడీ. రెండూ కలిపితే కార్డు గానీ డ్రైవ్ గానీ పాడయ్యే ప్రమాదం ఉంది.

సైజు సంగతి. డబ్బా మీద అంకెను నమ్మకండి. ఎల్‌టీఓ-2 క్యాసెట్ మీద 400 జీబీ అని ఉంటుంది, నిజంగా పట్టేది 200. ఎల్‌టీఓ-4 మీద 1.6 టీబీ, నిజానికి 800 జీబీ. డాట్ 72 అంటే 36 జీబీ మాత్రమే. డేటా సగానికి కుదించుకుపోతుందన్న లెక్కతో పెద్ద అంకె వేస్తారు. మన వీడియోలు, ఫొటోలు ముందే కుదించి ఉంటాయి, ఇంకా తగ్గవు. మినీడీవీ వీడియో గంటకి సుమారు 13 జీబీ. అంటే డాట్ 72 క్యాసెట్‌లో మూడు గంటలు కూడా పట్టదు. ఎల్‌టీఓ-2లో 15 గంటలు పడుతుంది, ఎల్‌టీఓ-4లో 60 గంటలు. ఒక పెళ్ళికి ఒక ఎల్‌టీఓ-2 క్యాసెట్ హాయిగా సరిపోతుంది. క్యాసెట్ మీద పెళ్ళివారి ఇంటిపేరు, తేదీ రాసుకోవచ్చు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది.

డాట్ 72 గురించి ఎక్కువ చెప్పను. సెకనుకి 3 ఎంబీ వేగం. ఒక గంట వీడియో రాయడానికే గంట దాటుతుంది. ఇందులో హెడ్, అంటే టేప్ మీద రాసే, చదివే భాగం, గుండ్రంగా తిరుగుతూ టేప్‌ని ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి దుమ్ము తగిలితే త్వరగా ఇబ్బంది పెడుతుంది. లెక్కల ఫైళ్ళు, స్టాంపు పేపర్ల స్కాన్లు దాచుకునే దస్తావేజు రైటర్లకి పర్వాలేదు. వీడియో వాళ్ళకి వద్దు.

ఇప్పుడు ఎల్‌టీఓ-2కీ, ఎల్‌టీఓ-4కీ మధ్య. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. టేప్ డ్రైవ్ హార్డ్ డిస్క్ లాంటిది కాదు. అది ఆగకుండా పరిగెత్తాలి. కంప్యూటర్ నుంచి డేటా రావడం ఆలస్యమైతే టేప్ ఉన్నచోట టక్కున ఆగలేదు. స్టాపు దాటి ముందుకెళ్ళిపోయిన బస్సు రివర్సు తీసుకుని మళ్ళీ స్టాపుకొచ్చినట్టు, టేప్ ముందుకి జారి, వెనక్కి తిరిగి, మళ్ళీ ఊపందుకుని రాయడం మొదలుపెడుతుంది. చెవి దగ్గర పెడితే ఆ ఆగి ఆగి నడిచే చప్పుడు వినిపిస్తుంది. ఇది గంటల తరబడి జరిగితే టేప్ అరుగుతుంది, హెడ్ అరుగుతుంది, రెండున్నర గంటల పని రాత్రంతా సాగుతుంది.

అల్ట్రియం 448 వేగం సెకనుకి 24 ఎంబీ. ఇది సగం ఎత్తు డ్రైవ్. ఎల్‌టీఓ-2లో పూర్తి ఎత్తు డ్రైవులు ఇంకా వేగంగా ఉంటాయి కానీ మనకి ఈ నిదానమే వరం. ఆ కాలపు ఐడీఈ డిస్క్ పెద్ద ఫైళ్ళని చదివేటప్పుడు 40 ఎంబీ దాకా ఇవ్వగలదు. అంటే డ్రైవ్ ఆకలికి డిస్క్ సరిపోతుంది. 200 జీబీ క్యాసెట్ నిండడానికి రెండు గంటల ఇరవై నిమిషాలు చాలు. ఎల్‌టీఓ-4 అల్ట్రియం 1760 అడిగేది 80 ఎంబీ. ఈ డ్రైవులు డేటా వేగాన్ని బట్టి తమ వేగాన్ని కొంతవరకు తగ్గించుకుంటాయి, కానీ దానికీ ఒక హద్దుంది. డిస్క్ పాతబడి, ఫైళ్ళు ముక్కలై, వేలకొద్దీ చిన్న ఫొటోలుంటే ఈ పెంటియం 4 ఆ హద్దుని కూడా అందుకోలేదు. అదే కోర్ 2 డుయో, ఐడీఈ తర్వాత వచ్చిన సాటా డిస్క్, ఎక్స్‌ప్రెస్ స్లాటు ఉన్నవాళ్ళు నిస్సందేహంగా ఎల్‌టీఓ-4 తీసుకోండి. క్యాసెట్లు తేలిగ్గా దొరుకుతాయి, జీబీ లెక్కన చూస్తే ఇంకా చవక.

రేపటి గురించి కూడా ఆలోచించాలి. ఎల్‌టీఓ-4 డ్రైవ్ 3, 4 క్యాసెట్ల మీద రాస్తుంది, 2వ తరం క్యాసెట్లని చదువుతుంది. కాబట్టి ఇవాళ ఎల్‌టీఓ-2 కొన్నవాళ్ళు కొన్నేళ్ళకి ఎల్‌టీఓ-4 కొంటే పాత క్యాసెట్లు వృథా కావు. ఎల్‌టీఓ-5కి దూకితే మాత్రం 2వ తరం క్యాసెట్ చదవదు, 3 నుంచే చదువుతుంది. ఎల్‌టీఓ-5లో ఎల్‌టీఎఫ్‌ఎస్ అని ఒక మంచి సౌకర్యం ఉంది, క్యాసెట్‌ని పెన్‌డ్రైవ్‌లా తెరిచి ఫైళ్ళు చూడొచ్చు. కానీ పాత కంప్యూటర్ మీద దాని కోసం తాపత్రయపడొద్దు. ఇప్పటి కొత్త డ్రైవుల ధర లక్షల్లో ఉంటుంది, వాటి సంగతి మనకెందుకు.

ట్రావన్, డిట్టో, ఫ్లాపీ కేబుల్‌కి తగిలించే పాత క్యూఐసీ డ్రైవులు ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. క్యాసెట్లు దొరకవు, దొరికినా పట్టేది చాలా తక్కువ.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఏం చూడాలి? మన దగ్గర ఇవి దొరకవు, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఆఫీసు సర్వర్లు తీసేసినప్పుడు బయటకొస్తాయి, లేదా ఆన్‌లైన్‌లో. అమ్మేవాళ్ళని ఒక వీడియో అడగండి: డ్రైవ్ ఆన్ అవ్వాలి, క్యాసెట్ లోపలికి వెళ్ళాలి, కొంత డేటా రాయాలి, అదే డేటా మళ్ళీ చదవాలి, క్యాసెట్ బయటకి రావాలి. లైటు వెలిగిందని చూపిస్తే సరిపోదు. ఐబీఎం డ్రైవులకి ముందువైపు ఒక్క అక్షరం కనిపించే డిస్‌ప్లే ఉంటుంది. అందులో సీ అని వస్తే హెడ్ శుభ్రం చేయమని అర్థం. క్లీనింగ్ క్యాసెట్ ఒకటి డ్రైవ్‌తో పాటే కొనండి, కానీ డ్రైవ్ అడిగినప్పుడే వాడండి, ఊరికే వాడితే హెడ్ అరుగుతుంది. హెచ్‌పీ వాళ్ళ లైబ్రరీ అండ్ టేప్ టూల్స్ అనే ప్రోగ్రాంతో డ్రైవ్ పరిస్థితి పరీక్షించవచ్చు. ఎల్‌టీఓ క్యాసెట్ లోపల చిన్న చిప్ ఉంటుంది, ఆ క్యాసెట్ ఎన్నిసార్లు లోడ్ అయిందో అందులో నమోదై ఉంటుంది.

పాత క్యాసెట్లు కొంటే ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: అయస్కాంతంతో చెరిపారా? కొన్ని ఆఫీసులు డేటా బయటకి పోకుండా క్యాసెట్లని డీగాస్ చేసి అమ్మేస్తాయి. ఎల్‌టీఓ టేప్ మీద ఫ్యాక్టరీలోనే గీసిన సర్వో గుర్తులుంటాయి, వాటిని చూసుకునే హెడ్ దారి పడుతుంది. అయస్కాంతం పెడితే అవీ పోతాయి, ఇక ఆ క్యాసెట్ ఎందుకూ పనికిరాదు. ఇంకోటి, క్యాసెట్ మూలనున్న చిన్న తలుపు వేలితో తీసి చూడండి. లోపల సన్నని లోహపు పిన్ను నిటారుగా ఉండాలి. డ్రైవ్ ఆ పిన్నునే పట్టుకుని టేప్‌ని లాగుతుంది. పిన్ను పక్కకి జరిగిన క్యాసెట్‌ని లోపల పెడితే డ్రైవ్ విప్పాల్సి వస్తుంది. కింద పడిన క్యాసెట్‌ని అసలు వాడకండి.

సాఫ్ట్‌వేర్. ఎక్స్‌పీలో ఎన్‌టీబ్యాకప్ అనే బ్యాకప్ ప్రోగ్రాం ఉంది, అది టేప్ మీద రాస్తుంది. తర్వాతి విండోస్‌లలో టేప్‌కి ఆ సదుపాయం తీసేశారు. అందుకే ఇరవై ఏళ్ళ తర్వాత కూడా తెరవాలనుకునే వీడియోల్ని నేను లినక్స్‌లో, ఫైళ్ళన్నిటినీ ఒక మూటగా కట్టే టార్ కమాండుతో రాయమంటాను. ఏ లినక్స్ అయినా దాన్ని చదువుతుంది, లైసెన్సు గొడవ లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. లినక్స్‌లో టేప్ డ్రైవ్‌కి రెండు పేర్లుంటాయి, ఎస్‌టీ0, ఎన్ఎస్‌టీ0. ఎస్‌టీ0 వాడితే పని అయిపోగానే టేప్ మొదటికి తిరిగిపోతుంది. రెండో పెళ్ళి రాస్తే మొదటి పెళ్ళి మీదే రాసేస్తుంది. ఒకే క్యాసెట్‌లో వరసగా రాయాలంటే ఎన్ఎస్‌టీ0 వాడాలి. రాయడం అయ్యాక క్యాసెట్ మీదున్న లాక్ జరిపేయండి, ఇక పొరపాటున కూడా ఎవరూ దానిమీద రాయలేరు.

దాచడం గురించి. టేప్‌ని ఏళ్ళ తరబడి ఉంచాలంటే 16 నుంచి 25 డిగ్రీల వేడి, 20 నుంచి 50 శాతం తేమ అని తయారీదారులు చెప్తారు. గోపాలపూర్ సముద్రం పక్కనే ఉన్న మనకి వానాకాలంలో ఆ తేమ ఎక్కడ కుదురుతుంది? అందుకని గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, క్యాసెట్లని నిలబెట్టి ఉంచండి. సంచులు రంగు మారితే మార్చండి. ఏసీ గదిలోంచి తెచ్చిన క్యాసెట్‌ని వెంటనే డ్రైవ్‌లో పెట్టకుండా ఒకరోజు మామూలు గదిలో ఉంచండి.

రెండో కాపీ ఇంట్లో ఉంచకండి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాని వరదల్లో ముంచింది. తీరం నుంచి దూరంగా, కొరాపుట్‌లోనో రాయగడలోనో మేనమామ ఇంట్లో, అత్తగారింట్లో ఒక సెట్టు ఉండాలి. ఒక చిన్న డబ్బాలో పది పెళ్ళిళ్ళు పడితే బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళొచ్చు.

చివరిగా, రాసిన ప్రతి క్యాసెట్‌ని తిరిగి చదివి చూడాలి. రాసే ముందు ఎండీ5సమ్‌తో, అంటే ప్రతి ఫైలుకీ వేలిముద్ర లాంటి ఒక అంకె ఇచ్చే ప్రోగ్రాంతో, ఫైళ్ళ జాబితా తీసి, ప్రింటు చేసి క్యాసెట్ డబ్బాలో పెట్టండి. చదివాక అవే అంకెలొచ్చాయా చూడండి. వీలైతే ఇంకొకరి డ్రైవ్‌లో కూడా చదివించండి. పాత డ్రైవ్ హెడ్ కాస్త పక్కకి జరిగి ఉంటే తను రాసింది తను చదువుకుంటుంది, వేరే డ్రైవ్ చదవలేదు. బరంపురం చుట్టుపక్కల ఎల్‌టీఓ-2 కొన్నవాళ్ళు ఉంటే మీ క్యాసెట్ తీసుకుని రండి, నా డ్రైవ్‌లో పెట్టి చూద్దాం. మీ మదర్‌బోర్డు మోడల్, స్లాట్ల ఫొటో కింద పెట్టండి, ఏ కార్డు పడుతుందో చూసి చెప్తాను.