గాలి చేరిన చోటికి రక్తం చేరుతోందా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఊపిరితిత్తుల రక్తనాళాల జబ్బులపై డాక్టరు గారు సమాధానాలు ఇస్తున్నారు. కావలి శ్రోత, మాట్లాడండి.

కావలి శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. నిరుడు మా అమ్మగారికి కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరింది. ఆరు నెలలుగా రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, నాలుగు మెట్లు ఎక్కేసరికి పిట్టగోడ పట్టుకుని నిలబడిపోతున్నారు. ఎకోలో ఊపిరితిత్తుల రక్తపోటు ఎక్కువగా ఉందన్నారు. అమెరికాలో ఉన్న మా బావగారు గ్యాసు పీల్పించి ఎం.ఆర్.ఐ. తీయించమంటున్నారు. అది నెల్లూరులో చేస్తారా, మద్రాసుకు తీసుకువెళ్లమంటారా?

డాక్టరు: ఆయన చెప్పినది జీనాన్-129 వాయువుతో తీసే ఎం.ఆర్.ఐ. ఆ వాయువు పీల్చి కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టినప్పుడు, అది గాలితిత్తుల పొరను దాటి ఎర్ర రక్తకణాలలోకి చేరుతుంది. పొరలో ఉన్నప్పుడు ఒక సంకేతం, రక్తకణాలలో ఉన్నప్పుడు మరొక సంకేతం ఇస్తుంది. రక్తకణాల సంకేతం గుండె కొట్టుకునే లయతో పాటు హెచ్చుతగ్గులవుతుంది కనుక, ఆ కదలిక తగ్గడాన్ని బట్టి ఊపిరితిత్తుల ధమనుల జబ్బును గుర్తించవచ్చునా అని పరిశోధనలు సాగుతున్నాయి. 2022 డిసెంబరులో అమెరికాలో దీనికి లభించిన అనుమతి, 12 ఏళ్లు నిండినవారిలో గాలి ప్రసారాన్ని చూడడానికే గాని రక్తనాళాల జబ్బును నిర్ధారించడానికి కాదు. అమ్మగారి మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. చీమకుర్తి నుంచి...

కావలి శ్రోత: ఒక్క నిమిషమండీ. డబ్బుకు వెనుకాడము. సి.టి.లో కూడా పెద్ద గడ్డలేమీ లేవన్నారు. ఆ గ్యాసు ఎం.ఆర్.ఐ. అయితేనే తేలుతుందేమోనని అడుగుతున్నాను.

డాక్టరు: డబ్బు సంగతి కాదండీ. మీకు కావలసిన పరీక్ష ఎప్పటినుంచో ఉన్నదే. దానిని వి-క్యూ స్కాన్ అంటారు, న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో చేస్తారు. అందులోనూ కొద్దిపాటి రేడియోధార్మికత ఉన్న వాయువునో, సన్నని తుంపరనో పీల్పించి, టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం చేర్చిన సూక్ష్మకణాలను నరం ద్వారా ఎక్కించి, గాలి చేరిన చోట్లను, రక్తం చేరిన చోట్లను పోల్చి చూస్తారు. తూటికాడ అడ్డుపడిన పిల్లకాలువ కింద మడి ఎండినట్లు, గాలి చక్కగా అందుతున్న భాగానికి రక్తం అందకపోతే దారిలో పాత గడ్డ ఉందని అనుమానిస్తాము. చిన్న కొమ్మలలో గట్టిపడిన పాత గడ్డలు సి.టి.లో ఒక్కోసారి దొరకవు. ఆ తరువాత గుండె కుడివైపు గదులలోకి సన్నని గొట్టం పంపి పోటును కొలవాలి. ఊపిరితిత్తుల ధమనిలో సగటు పోటు 20 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువనే లెక్క. పాత గడ్డల వల్ల పోటు పెరిగే ఈ జబ్బును శస్త్రచికిత్సతో నయం చేయగలిగిన వారు కూడా ఉంటారు కాబట్టి, కొత్త యంత్రం కోసం ఎదురుచూస్తూ నెలలు గడపవద్దని బతిమాలుతున్నాను. మళ్లీ చెబుతున్నాను, మాత్రలు ఆపవద్దు.

వ్యాఖ్యాత: చీమకుర్తి శ్రోత, క్లుప్తంగా అడగండి.

చీమకుర్తి శ్రోత: గ్రానైటు పాలిషింగులో పనిచేస్తాను, ఆయాసం వస్తోంది. నాకూ ఆ స్కాన్ కావాలా?

డాక్టరు: ముందు ఛాతీ ఎక్స్‌రే, గొట్టంలోకి ఊదించి ఊపిరి బలాన్ని కొలిచే స్పైరోమెట్రీ చేయించుకోండి. రాతిదుమ్ము వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నా వాటిలోని రక్తపోటు పెరగవచ్చు కనుక ఎకో కూడా అవసరం. స్కాన్ సంగతి అవి చూశాక నిర్ణయించాలి.

వ్యాఖ్యాత: సమయం ముగిసింది. ధన్యవాదాలు.